అలసిన పైలట్‌కు తెలియని సంగతి

రెండవ ప్రపంచ యుద్ధం మొదలయ్యే నాటికి అలసట గురించి శాస్త్రవేత్తలకు తెలిసినదంతా దాదాపుగా కండరాల నుంచీ కర్మాగారాల నుంచీ వచ్చినదే. ఇటలీలో ఆంజెలో మోస్సో వేలికి బరువు కట్టి, మళ్లీ మళ్లీ ఎత్తిస్తూ, కండరం ఎప్పుడు సడలుతుందో పరికరంతో నమోదు చేశాడు. మొదటి యుద్ధకాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో పనిగంటలు పెరిగితే ఉత్పత్తి ఏమవుతుందో లెక్కగట్టారు. ఈ అధ్యయనాల్లో అలసట అంటే, ఒకే పని పదేపదే చేయగా శక్తి తరిగిపోవడం. విమానం నడిపేవాడి అలసట అటువంటిది కాదని తేల్చినవి కేంబ్రిడ్జ్ ప్రయోగాలు. యుద్ధకాలపు పరిశోధనల్లో వాటికి దక్కవలసినంత గుర్తింపు ఇప్పటికీ దక్కలేదని నేను గట్టిగా నమ్ముతాను.

1939లో బ్రిటన్‌లో విమాన సిబ్బంది సమస్యలను అధ్యయనం చేయడానికి ఒక పరిశోధన సంఘాన్ని ఏర్పాటు చేశారు. దాని కోసం పనిచేసిన వాటిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ నడిపిన కేంబ్రిడ్జ్ మనోవిజ్ఞాన ప్రయోగశాల ఒకటి. అక్కడ కెన్నెత్ క్రెయిక్ అనే స్కాట్లండ్ యువకుడు ఉండేవాడు. తత్వశాస్త్రం చదివినవాడే అయినా యంత్రాలు తయారు చేయడంలో అసాధారణమైన పనితనం కలవాడు. స్పిట్‌ఫైర్ విమానపు కాక్‌పిట్‌ను అతను ప్రయోగశాలలోనే అమర్చాడు. అందులో కూర్చున్న పైలట్‌కు బయటి దృశ్యం కనిపించదు. దట్టమైన మేఘాల్లో ఎగిరేటప్పటిలాగా, ఎదుట ఉన్న పరికరాల ముళ్లను చూసుకుంటూనే నడపాలి. అతను కంట్రోల్ కదిపితే, నిజమైన విమానంలో జరిగినట్టే ముళ్లు కదులుతాయి, ప్రతి పొరపాటూ నమోదవుతుంది. పరిశోధకుడు జి.సి. డ్రూ జరిపిన ప్రయోగాల్లో బ్రిటన్ వైమానిక దళమైన రాయల్ ఎయిర్ ఫోర్స్ పైలట్లు ఇలా రెండు గంటలు ఎడతెరిపి లేకుండా నడిపారు.

చేతుల్లో బలం తగ్గలేదు. ఏ మీట ఎప్పుడు కదపాలో కూడా వాళ్లు మరిచిపోలేదు. మొట్టమొదట చెడినది సమయజ్ఞానం: చేయవలసిన పనే చేస్తారు, కానీ ఒక క్షణం ముందో, ఒక క్షణం వెనకో. ఆ తరువాత, తాజాగా ఉన్నప్పుడు ఒక్క చూపులో కలిసి కనిపించిన పరికరాలు దేనికది విడిపోతాయి; ఒక ముల్లును సరిచేస్తూ ఉండగా మరొకటి దారి తప్పుతుంది. పక్కగా ఉన్న పరికరాలు, ముఖ్యంగా అప్పుడప్పుడు మాత్రమే చూడవలసిన ఇంధన సూచిక వంటివి, దృష్టిలోంచి జారిపోతాయి. సీటు ఒత్తుకుంటోందనీ ఒళ్లు నొప్పిగా ఉందనీ స్పృహ పెరుగుతుంది, కంట్రోళ్లు సరిగా పనిచేయడం లేదని యంత్రం మీద విసుగు మొదలవుతుంది.

వీటన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసినది మరొకటి ఉంది. తాజాగా ఉన్నప్పుడు కొద్దిపాటి తేడా కనిపించినా వెంటనే సరిదిద్దిన పైలట్, రెండో గంటలో దానికన్నా ఎంతో పెద్ద తేడాను కూడా చాల్లే అని వదిలేస్తాడు. అంటే, పనితో పాటు ఆ పనిని కొలిచే కొలబద్ద కూడా అతని లోపలే జారిపోతుంది. అందుకే మునుపటికన్నా బాగానే నడుపుతున్నానని అతను మనస్ఫూర్తిగా అనుకుంటాడు. దానికి తోడు, ప్రయోగం ముగియబోతోందని తెలియగానే, మామూలుగా అందరూ ఊహించేట్టు పుంజుకోవడానికి బదులు, పైలట్లు ఒక్కసారిగా సడలిపోయి తప్పులు పెంచారు. సుదీర్ఘ ప్రయాణం చేసి స్థావరానికి చేరువైన విమానాలు దిగబోయే వేళ ఎందుకు దెబ్బతింటాయో అర్థం చేసుకోవడానికి ఇది ఎంత విలువైన ఆధారమో వేరే చెప్పనక్కరలేదు.

బార్ట్‌లెట్ 1941లో రాయల్ సొసైటీలో ఇచ్చిన ఫెరియర్ ఉపన్యాసంలో ఈ ఫలితాలను నైపుణ్యపు అలసట సిద్ధాంతంగా విశదీకరించాడు. అదే కాక్‌పిట్‌తో ప్రయోగాలు చేసిన పరిశోధకుడు రసెల్ డేవిస్, ఒత్తిడిలో కొందరు అవసరానికి మించి కంట్రోళ్లను కదుపుతారనీ, మరికొందరు ప్రయత్నమే తగ్గించి ఉదాసీనులవుతారనీ గమనించాడు. ఇదే కాలంలో, ఇదే వైమానిక దళంలో, వైద్యపరమైన కారణం లేకుండా ఇక ఎగరలేమన్న వారి మీద నైతిక స్థైర్యం లేదన్న ముద్ర వేసేవారు. భయమూ నైపుణ్యపు అలసటా ఒకటి కావు, నిజమే. అయినా మనిషి ఓర్పును అతని శీలానికి ముడిపెట్టే ఆ పద్ధతి నాకు అన్యాయంగానే తోస్తుంది. ప్రయోగశాల మాత్రం మనిషిని నిందించకుండా, ఏది ఎప్పుడు ఎలా చెడుతుందో చూసింది.

1944లో కేంబ్రిడ్జ్‌లో అనువర్తిత మనోవిజ్ఞాన విభాగం ఏర్పడి, క్రెయిక్ దానికి తొలి సంచాలకుడయ్యాడు. ఐరోపాలో విజయోత్సవానికి ముందురోజు, 1945 మే 7న, సైకిల్ ప్రమాదంలో గాయపడి 31 ఏళ్లకే మరణించాడు. ఆ ప్రయోగశాలలోనే నార్మన్ మాక్‌వర్త్, జలాంతర్గాముల కోసం రాడార్ తెర చూస్తూ కూర్చునే సిబ్బంది సమస్యను తీసుకున్నాడు. అతని ప్రయోగంలో, గడియారంలాంటి పరికరం మీద సెకనుకొక గెంతు వేసే ముల్లు అరుదుగా ఒకేసారి రెండు గెంతుల దూరం దూకితే పట్టుకోవాలి. రెండు గంటల ఆ పనిలో మొదటి అరగంటకే గురి తగ్గిందని తేలింది. బెంజెడ్రిన్ అనే ఉత్తేజక మందు మాత్ర ఇస్తే ఆ తగ్గుదల ఆగింది, కానీ మధ్యమధ్య విరామమిచ్చి మనుషులను మార్చడం కూడా అంతే పనిచేసింది.

అమెరికాలో ఆల్ఫాన్స్ చాపానిస్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త, మనిషిని నిందించకుండా కారణం వెతకాలన్న అదే ఆలోచనను యంత్రం వైపు నుంచి పట్టుకున్నాడు. బి-17 బాంబర్లు నేలకు దిగాక పైలట్లు ఫ్లాప్‌లు (రెక్కల వెనుక అంచున కదిలే పలకలు) అనుకుని చక్రాలను పైకి లాగేస్తున్నారు. ఆ రెండు స్విచ్‌లూ పక్కపక్కనే, ఒకే రూపంలో ఉండటమే కారణమని అతను గుర్తించి, ఒకదానికి చక్రం ఆకారాన్నీ మరొకదానికి ఫ్లాప్ ఆకారాన్నీ ఇప్పించాడు. నేటి ప్రయాణికుల విమానాల్లోనూ చక్రాలు దించే మీట పిడి చక్రం ఆకారంలోనే ఉంటుంది.