వేలిముద్ర ఏ చట్టం కింద తీసుకున్నారు? నా ఆర్టీఐ అనుభవం

మా తమ్ముడు నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల పట్టుబడికి పోతుంటాడు. ఆ పని ఎక్కువగా రాత్రిళ్లే. ఒకసారి అర్ధరాత్రి దాటాక బైకు మీద ఇంటికొస్తుంటే సెంటర్లో పోలీసులు ఆపారు. బండి కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. అయినా చిన్న మిషను మీద వేలు పెట్టించి, సెల్‌ఫోన్లో ఫోటో తీసుకుని పంపేశారు. కేసు లేదు, రసీదు లేదు. అప్పట్నుంచి వాడు ఆ దారి మానేసి చుట్టూ తిరిగొస్తున్నాడు. ఏ తప్పూ చేయనివాడు భయపడి దారి మార్చుకోవడం నాకు మింగుడు పడలేదు.

సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద పోలీసు శాఖకు అర్జీ పెట్టాను. అందులో ప్రశ్న రాయడమే అసలు పని. "ఎందుకు తీశారు?" అని రాస్తే అది సమాచారం కిందికి రాదని పక్కన పెట్టేస్తారు. కాగితాలు అడగాలి. దారిన పోయేవాళ్ల వేలిముద్రలు, ఫోటోలు తీయమన్న ఉత్తర్వు నకలు, దానికి ఆధారమైన సెక్షను, వాటిని ఎన్నాళ్లు ఉంచి ఎప్పుడు చెరిపేస్తారో చెప్పే నిబంధనల నకలు అడిగాను. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి స్పీడ్ పోస్టులో పంపాను.

జవాబు కంటే ముందు ఫోనొచ్చింది. "ఏం చేస్తుంటావ్? ఇవన్నీ నీకెందుకు?" అమ్మకి ఒకటే టెన్షన్. "పోలీసోళ్లతో మనకెందుకబ్బయ్యా" అంటుంది. కారణం చెప్పక్కర్లేదని సెక్షన్ 6(2)లోనే ఉంది. ఫోన్లో అదే మర్యాదగా చెప్పాను.

తర్వాత ఒక్క వాక్యం జవాబు వచ్చింది. దర్యాప్తుకు ఆటంకం కాబట్టి సెక్షన్ 8(1)(హెచ్) కింద ఇవ్వలేమట. కేసే లేనప్పుడు ఏ దర్యాప్తు?

30 రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు వేశాను. దర్యాప్తు నడుస్తోందంటే చాలదు, సమాచారమిస్తే దానికి ఎలా అడ్డమో చూపాలని 2007లో భగత్ సింగ్ అనే అర్జీదారు కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అది రాశాను. వేలిముద్రల గురించి 2022లో వచ్చిన చట్టం అరెస్టయినవాళ్లు, శిక్షపడ్డవాళ్ల లాంటి వాళ్లకే వర్తిస్తుంది, మిగతావాళ్లవి కావాలంటే మెజిస్ట్రేటు ఉత్తర్వు ఉండాలి. ఆ చట్టం కింద రికార్డు 75 ఏళ్లు ఉంచొచ్చు. మా వాడికి ఇరవై రెండేళ్లు! గోప్యత ప్రాథమిక హక్కని, దాన్ని తగ్గించాలంటే చట్టం, అవసరం, తగిన మోతాదు ఉండాలని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతీ చేర్చాను.

ఈసారి సంతకంతో కాగితం వచ్చింది: "అటువంటి ఉత్తర్వులు ఈ కార్యాలయంలో అందుబాటులో లేవు." అంటే చూపించడానికి ఉత్తర్వేమీ లేకుండానే వేలు పెట్టించారు. ఎప్పుడు చెరిపేస్తారన్న దానికి మాత్రం జవాబు లేదు. దాని మీద 90 రోజుల గడువులోనే రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు పంపాను. తన వేలిముద్ర, ఫోటో తీసేయమని తమ్ముడి చేత విడిగా అర్జీ పెట్టించాను.

మిమ్మల్నీ ఇలా ఆపితే తేదీ, టైము, చోటు ఆ రాత్రే రాసిపెట్టుకోండి. అర్జీ రాసేటప్పుడు మొదట కావాల్సింది అవే.