పొగమంచులో ఓడ కూత ఏం చెప్తుంది, ఏం చెప్పదు

షిప్పులో నిద్ర చెడగొట్టేవాటిలో ఫాగ్ హారన్‌దే ఫస్ట్ ప్లేసు. ఇంజన్ మీద ముందుకి పోతున్న ఓడైతే ఒక పొడుగు కూత, అది నాలుగు నుంచి ఆరు సెకన్లు, రెండు నిమిషాలు దాటకుండా మళ్లీ మళ్లీ, మంచు విడిచేదాకా అంతే. ఫన్నెల్ (ఓడ పొగగొట్టం) దగ్గర కేబిన్ పడినోడి గతి ఇక చెప్పక్కర్లేదు.

ఇంజన్ ఆపేసి నీళ్లమీద ఊరికే నిలబడితే రెండు పొడుగు కూతలు. ఒక పొడుగు, రెండు పొట్టి వినిపించిందంటే అది చేపల బోటు కావచ్చు, తెరచాప పడవ కావచ్చు, ఇంకోదాన్ని లాగుతున్న టగ్గు కావచ్చు, ఏదైనా సరే సులువుగా తప్పుకోలేనిదని అర్థం. నాకు అన్నిటికంటే నచ్చేది లంగరు వేసిన ఓడ పద్ధతి, నిమిషానికోసారి ముందు వైపు ఐదు సెకన్లు గంట గణగణా కొడతారు, ఓడ వంద మీటర్లు, అంతకంటే పెద్దదైతే వెంటనే వెనక వైపు గాంగ్ (పళ్లెంలాంటి గంట) కూడా మోగుతుంది, అంటే కంటికి ఏమీ కనపడకపోయినా ఓడ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో చెవికి తెలుస్తుందన్నమాట.

మా కేడెట్ ఒకసారి అడిగాడు, "రాడార్ ఉంది కదా సార్, ఇంకా ఈ గోల దేనికి?" అని. చిన్న చెక్క పడవ రాడార్‌లో సరిగ్గా పడకపోవచ్చురా, నువ్వు బయట వింగ్‌లో (ఓడ నడిపే గది పక్కన ఉండే వసారాలో) నిలబడి చెవులు రిక్కించు అన్నా. కానీ అసలు సంగతి ఇంకోటుంది, మంచులో కూత ఏ వైపు నుంచి వస్తోందో చెవిని నమ్మి చెప్పలేం.

1914 మే 29 తెల్లవారుజామున కెనడా సెయింట్ లారెన్స్ నదిలో ఎంప్రెస్ ఆఫ్ ఐర్లాండ్ అనే ప్యాసింజర్ ఓడ, స్టోర్‌స్టాడ్ అనే బొగ్గు ఓడ ముందు ఒకదాని లైట్లు ఒకటి చూసుకున్నాయి, ఈలోపు మంచు కమ్మేసింది. ఎంప్రెస్ వెనక్కి ఇంజన్ వేస్తున్నానని మూడు పొట్టి కూతలు, తర్వాత ఆగానని రెండు పొడుగు కూతలు వేసింది. అయినా స్టోర్‌స్టాడ్ వచ్చి పక్కలో గుద్దింది, 14 నిమిషాల్లో ఎంప్రెస్ మునిగింది, వెయ్యి మందికి పైగా పోయారు.

ఇప్పటి రూల్స్‌లో ఆ మూడు పొట్టి కూతలు ఓడలు ఒకదానికొకటి కంటికి కనిపిస్తున్నప్పుడే వెయ్యాలి. మంచులో ముందు వైపు నుంచి కూత వినపడిందా, గుద్దుకునే ప్రమాదం లేదని తేలితే తప్ప, ఓడ చుక్కాని మాట వినేంత కనీస స్పీడుకి తగ్గించెయ్యాలి, అవసరమైతే పూర్తిగా ఆపెయ్యాలి. దారి ఎవరిది, ఎవరు తప్పుకోవాలి అనే లెక్క అక్కడ నడవదు.