ఆనికాయ కాదది

పర్లాకిమిడి చుట్టుపక్కల పొలాల్లో తిరిగే కాళ్ళకి ఆనికాయలు కొత్త కాదు. ఎడమ మడమ కింద లేచిన మచ్చకీ నేను కార్న్ క్యాప్ పట్టీలే వేశాను. ఆనికాయ చర్మం రంగులోనే గట్టిపడుతుంది. ఇది ఒకచోట నలుపు, ఒకచోట గోధుమరంగు, అంచులు వంకర. చివరికి రసి కారింది. అలాంటి మచ్చకి పట్టీ కాదు, బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) కావాలి. మనబోటి చామనఛాయ వాళ్ళకి మెలనోమా, అంటే చర్మానికి రంగిచ్చే కణాల క్యాన్సర్, అరికాల్లో, గోళ్ళకింద ఎక్కువ. దానికి ఎండతో పెద్దగా పనిలేదు.

బయాప్సీలో అదే తేలింది, లోతు 2.6 మిల్లీమీటర్లు. రెండు దాటితే చుట్టూ 2 సెంటీమీటర్ల మంచి చర్మంతో సహా తీస్తారు. గజ్జల్లో సెంటినెల్ గ్రంథిలోనూ (క్యాన్సర్ పాకితే ముందు చేరే లింఫు గ్రంథి) క్యాన్సర్ కణాలు దొరికాయి. అంటే మూడో దశ.

తర్వాత బీరాఫ్ పరీక్ష, అంటే క్యాన్సర్ కణాల్లో బీరాఫ్ అనే జన్యువు మారిందా అని చూడటం. బీరాఫ్ ప్రోటీన్ రాఫ్ కుటుంబంలోది. పెరగమని బయటినుంచి కబురొస్తే రాస్ ప్రోటీన్ రాఫ్‌ని లేపుతుంది, రాఫ్ మెక్‌ని, మెక్ ఎర్క్‌ని. ఇవన్నీ కణంలో కబురు మోసే ప్రోటీన్లే. ఎర్క్ కేంద్రకంలోకి వెళ్ళి విభజన జన్యువుల్ని నడిపిస్తుంది, పనయ్యాక పైవాళ్ళని అదే ఊరుకోబెడుతుంది కూడా. బీరాఫ్ ప్రోటీన్ గొలుసులో 600వ స్థానంలో వాలైన్ అనే అమైనో ఆమ్లం పోయి గ్లుటామిక్ ఆమ్లం వచ్చిందా, ఇక రాస్ పిలవక్కర్లేదు, ఎర్క్ కసిరినా లెక్కలేదు. వింతేమిటంటే మామూలు పుట్టుమచ్చల్లోనూ చాలావాటికి ఇదే మార్పు ఉంటుంది. కణ విభజనని ఆపే పి16 ప్రోటీన్ లాంటి బ్రేకులు పట్టి ఉంచినంతకాలం అవి మచ్చలుగానే ఉంటాయి.

అరికాలి మెలనోమాల్లో ఈ మార్పు కొద్దిమందికే. లేనివాళ్ళకి బీరాఫ్‌ని ఆపే మాత్ర ఇస్తే రాఫ్ జంటలు కట్టి ఎర్క్‌ని ఇంకా రెచ్చగొట్టగలదు. అందుకే పరీక్ష కాకుండా మాత్ర వద్దు, ఉన్నవాళ్ళకీ మెక్‌ని ఆపే రెండో మాత్ర జోడిస్తారు.

నాకు మార్పు ఉంది. బీరాఫ్‌ని ఆపే డాబ్రాఫెనిబ్ 150 మిల్లీగ్రాములు 12 గంటలకోసారి, మెక్‌ని ఆపే ట్రామెటినిబ్ 2 మిల్లీగ్రాములు రోజుకోసారి, 12 నెలలు. తిండికి గంట ముందు, లేదా తిన్న రెండు గంటలకి. ట్రామెటినిబ్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మా కరెంటుకి అదో కాపలా.

అసలు బాధ జ్వరం. చలితో 38 డిగ్రీలు దాటితే రెండు మాత్రలూ ఆపి, పారాసెటమాల్ వేసుకుని, 24 గంటలు జ్వరం లేకుండా గడిచాక మళ్ళీ మొదలుపెట్టమన్నారు డాక్టరుగారు. మాది మలేరియా ఉన్న జిల్లా, కాబట్టి మాత్రల జ్వరమేలే అని వదలకుండా ప్రతిసారీ రక్తం చూపించాను. గుండెకి ఎకో (స్కాన్), కంటి పరీక్ష మధ్యమధ్యలో తప్పవు. ఆ రెండూ ముఖ్యంగా ట్రామెటినిబ్ వల్ల.

మాత్రలు అయిపోయాయి. ఇప్పుడు నెలకోసారి నేలమీద అద్దం పెట్టి రెండు అరికాళ్ళూ, వేళ్ళ సందులూ చూసుకుంటాను. గజ్జలు చేత్తో తడుముకుంటాను.