బెల్టు రంగు తర్వాత, ముందు నేల చూడండి

కరాటేనా, జూడోనా, బాక్సింగా, కర్రసామా అని వీడియోలు చూసి తేల్చుకునేవాళ్లే ఎక్కువ. భీమవరమైనా రాజోలైనా, అసలు చూడాల్సింది సైకిలు మీద వెళ్లొచ్చే దూరంలో ఏ మాస్టారున్నారు, ఏ నేల మీద నేర్పుతున్నారు అన్నది. వారానికి మూడు రోజులు కుదిరే మామూలు క్లాసే నయం.

నేలతో పేచీ ఎక్కువగా వచ్చేది జూడోలో. 1882లో జపాన్‌లో జిగోరో కానో మొదలుపెట్టిన ఈ విద్యలో మనిషిని ఎత్తి పడేయడమే ప్రధానం. నాలుగు సెంటీమీటర్ల మందమున్న, అతుకులు విడిపోని మ్యాట్లు ఉండాలి. సిమెంటు గచ్చు మీద కొబ్బరిపీచు చాపలు పరిచి నేర్పిస్తామంటే దండం పెట్టి వచ్చేయండి. అవి దెబ్బా ఆపవు, ఒళ్లూ గీరేస్తాయి.

మొదట్లో నేర్పేది పడేయడం కాదు, పడటం. గడ్డం ఛాతీకి ఆనించి బొడ్డు వైపు చూస్తూ, ఒంటికి కాస్త ఎడంగా చాపిన చేతిని అరచేతి నుంచి పై దాకా ఒకేసారి నేలకు చరచాలి. కొత్తవాళ్లు భయంతో చెయ్యి వెనక్కి పెట్టి ఆనుకోబోతారు. బరువంతా మణికట్టు మీద పడుతుంది. అదో, కాలర్‌బోనో విరిగేది అప్పుడే.

ముసురు రోజుల్లో జూడోకి తొడుక్కునే ఆ మందపాటి నూలు గీ (చొక్కా, ప్యాంటు) ఓ పట్టాన ఆరదు. తడిదే తొడుక్కుంటే తామరకి పిలిచి పీట వేసినట్టే. ఒకరికి వచ్చిందంటే మ్యాటు మీద అందరికీ అంటుకుంటుంది. రెండు జతలు కొనుక్కోండి. క్లాసయ్యాక మ్యాట్లు తుడుస్తున్నారో లేదో కూడా చూడండి.

కరాటేకి, తైక్వాండోకి మొదట్లో గచ్చు చాలు. కల్యాణమండపం టైల్సు మాత్రం వద్దు, చెమట పడితే జారతాయి. మరీ గరుకు సిమెంటూ మంచిది కాదు. పక్కకి తిరిగి తన్నేటప్పుడు నిలబడ్డ కాలి మడమ కూడా తిరగాలి. పాదం నేలకి పట్టేసి నడుము ఒక్కటే తిరిగితే మోకాలు మెలిపడుతుంది. నెలనెలా బెల్టు టెస్టు పెట్టి ఫీజు కట్టించుకునే చోట పిల్లాణ్ణి చేర్చకండి.

బాక్సింగ్‌కి చేతికి చుట్టే నాలుగున్నర మీటర్ల పట్టీలు, గ్లవ్సు మీ సొంతవే ఉండాలి. వేలాడదీసిన బ్యాగుని కింద కూడా నొక్కి చూడండి. గోదారి ఇసుక ఒక్కటే నింపితే అడుగుకి దిగి బండలా గట్టిపడుతుంది, మణికట్టు దెబ్బతింటుంది. గుడ్డపీలికలు కూరినదే మేలు. బొటనవేలు పిడికిలి లోపల దాచి గుద్దితే ఆ వేలే విరుగుతుంది.

కర్రసాముకి ఖాళీ జాగా చాలు. కొబ్బరితోటలో అయితే తలపైకి కూడా చూసుకోవాలి మరి! కర్ర కనుబొమల ఎత్తు దాకా ఉంటే సరి. మధ్యలో పట్టుకుని ఎనిమిది అంకెలా తిప్పడంతో మొదలుపెట్టండి, చేతికి యాభైసార్లు. భుజంతో కాదు, మణికట్టుతో తిప్పాలి. బిగించి పట్టుకుంటే బొబ్బలెక్కుతాయి. అమలాపురంలో దసరాకి చెడీ తాలింఖానా (కర్రలు, కత్తులు తిప్పే పాతకాలం సాము) ఆడేవాళ్ల చేతులు చూడండి, పట్టు ఎంత వదులో తెలుస్తుంది. వాళ్ల దగ్గరే నేర్చుకోవాలనుంటే పండగ హడావిడి తగ్గాక వెళ్లి అడగండి.