తేలుకు ఒక్క ఇంచు

"ఆర్మీకి ప్రాబ్లం లేదు డాడీ, నీకే ప్రాబ్లం."

గిన్నెలు సర్దుకుంటనే అన్నది నా బిడ్డ, తల కూడా తిప్పలేదు. 19 ఏండ్లు. చదువుతో పాటు ఆర్‌ఓటీసీలో ఉన్నది, అంటే డిగ్రీ కాంగనే అమెరికా సైన్యంలో ఆఫీసరుగా పోతది. ఆ ముచ్చట మింగడానికే నాకు ఏడాది పట్టింది. ఇప్పుడు కుడి చెయ్యి మీద, బొటనవేలి మొదట్లో, తేలు పచ్చబొట్టు వేయించుకుంటనంటది. నల్లగొండలో ఉన్న మా అమ్మ చెయ్యి మీది తేలు అది.

తండ్రి అనేటోడు అనే మాటలన్నీ వరుసగా అన్న. మిలిటరీ వాళ్లు ఊకుంటరా? రేపు బయటకొచ్చి నౌకరీ చేసుకోవాల్నంటే ఎవడిస్తడు? పెండ్లి మాట కూడా నోటి దాకా వచ్చింది, మింగిన. దానికి ఆమె ఇచ్చిన జవాబే పైన రాసిన.

ఆ రాత్రి అందరు పండుకున్నంక, బిడ్డ చెప్పింది తప్పని తేల్చడానికి కంప్యూటర్ ముందు కూసున్న. తప్పు కాదు. మణికట్టు దాకా చేతులు, కాళ్ల మీది పచ్చబొట్లకు ఇంత సైజు, ఇన్నే ఉండాలె అన్న లెక్కను అమెరికా ఆర్మీ 2015లోనే ఎత్తేసింది. 2022 జూన్‌లో ఇంకొంచెం వదిలింది: మణికట్టు దాటినంక ఒక్కో చెయ్యి మీద ఒక్కటి, ఇంచు దాటొద్దు. మెడ వెనక ఒకటి, రెండించులు దాటొద్దు. ముఖం మీద మాత్రం వద్దు. బూతు బొమ్మలు, ఒక జాతినో ఆడవాళ్లనో కించపరిచేవి ఒంటి మీద ఎక్కడా కుదరవు. మనసు కరిగి మార్చిన రూలేం కాదు లెండి. ఆ ఏడాది వాళ్లకు 60,000 మంది కావాల్నంటే 15,000 మంది తక్కువపడ్డరు. పిల్లలు దొరకనప్పుడు ఎవరికైనా పచ్చబొట్టు చిన్నగనే కనపడుతది.

సరే, సివిల్ నౌకరీలన్నా నా దిక్కు నిలబడుతయేమో అని చూసిన. స్టార్‌బక్స్ 2014లోనే ఒప్పుకున్నది. డిస్నీ 2021లో: తల, ముఖం, మెడ మీద లేకుంటే చాలు, చాపిన అరచెయ్యి కంటే పెద్దగ ఉండొద్దు. వర్జిన్ అట్లాంటిక్ విమానాల్లో పనిచేసేటోళ్లకు 2022లో. మిక్కీమౌస్ పక్కన నిలబడేటోళ్లకు లేని అభ్యంతరం నాకెందుకో అర్థం కాక ల్యాప్‌టాప్ మూసిన.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు మీకు. నా కుడి ముంజేతి మీద నా పేరే ఉన్నది.

చెర్వుగట్టు జాతరలో మా అమ్మ వేయించింది. నేనప్పుడు ఒకటో తరగతి. బ్యాటరీ మిషను పట్టుకొని చెట్టుకింద కూసున్నాయనకు చదువు అంతంతమాత్రం, అమ్మకు అసలే రాదు, నాకు అప్పుడప్పుడే అ ఆలు. ముగ్గురం కలిసి నా పేరులో ఒక వత్తు ఎగరగొట్టినం. నేను జాతర జాతరంతా వినపడేటట్టు ఏడిస్తే పసుపు రుద్ది, పుట్నాల పొట్లం చేతిలో పెట్టింది. ఆ వత్తు సంగతి ఇన్నేండ్లు ఎవరూ పట్టించుకోలేదు. నా బిడ్డ తొమ్మిదేండ్లప్పుడు పట్టుకున్నది, "డాడీ, నీ పేరు తప్పు రాసిండ్రు" అని. ప్రతి శనివారం పట్టుబట్టి తెలుగు నేర్పినందుకు నాకు దక్కిన గురుదక్షిణ.

2003లో ఈ దేశం వచ్చిన. అప్పటి నుంచి ఆఫీసుకు నిండు చేతుల చొక్కానే. డాలస్ జూలై ఎండ ఎట్లుంటదో తెలిసినోళ్లకు చెప్పక్కర్లేదు. ఎవరన్నా వద్దన్నరా అంటే లేదు. మొన్న మొదటిసారి మా ఆఫీసు డ్రెస్ కోడ్ కాగితం తీసి చదివిన. చినిగిన జీన్సు వద్దు, రబ్బరు చెప్పులు వద్దు. పచ్చబొట్టు ఊసే లేదు. మా మేనేజరుకు రెండు చేతులా చేపలు, తామరపూలు, కాఫీ కప్పు ఎత్తినప్పుడల్లా ఈదుతనే ఉంటయి. అది చూసి ఒక్కనాడు కూడా నాకు "ఛీ" అనిపియ్యలేదు. అది టాటూ. నాది చెర్వుగట్టు. గుండీ పెట్టుకున్నది ఊరిని దాయడానికే, నౌకరీ కోసం కాదు. పైగా కొత్తగా వచ్చిన మన పిల్లగాడొకనికి "మీటింగుల చేతులు కనపడనియ్యకు తమ్మీ" అని సలహా కూడా ఇచ్చిన. బతుకమ్మ నాడు మైకు పట్టుకొని మన సంస్కృతి మరవొద్దని చెప్పిన నోరు కూడా ఇదే.

ఇంతలో దేవరకొండ కథ ఒకటి. మా అక్క కొడుకు అగ్నివీర్ కోసం తెల్లారగట్ల నాలుగింటికే లేచి సాగర్ రోడ్డు మీద ఉరుకుతున్నడు. ఇంటర్‌లో ఉన్నప్పుడు కుడి భుజం మీద తన హీరో పేరు పెద్దగ వేయించుకున్నడు. మన ఆర్మీ రూలు వేరు. ముంజేతి లోపలిదిక్కు, మోచేతి నుంచి మణికట్టు దాకా, లేకుంటే అరచేతి వెనక. ఇంకెక్కడున్నా కుదరదు. కేంద్ర బలగాల కానిస్టేబులుకైతే ముంజేతి మీద ఎడమ చెయ్యికే సై, సెల్యూట్ కొట్టేది కుడి చేత్తోటి కాబట్టి. అది కూడా ఆ భాగంలో నాలుగో వంతు లోపే ఉండాలె. వాడు లేజరుతో తీయించుకుంటనని ఫోన్ చేసిండు. ఒక్కసారితో పోదట, వారాల ఎడంతో నాలుగైదు మాట్లు పోవాల్నట. మారు మాట లేకుండ పైసలు పంపిన.

వాని దోస్తు పక్క తండా పిలగాడు. గిరిజనులకు ఆచారం ప్రకారం ఉన్న పచ్చబొట్లను, ఒంటి మీద ఎక్కడున్నా, ఒక్కొక్కరిని చూసి ఒప్పుకునే వీలు ఆర్మీ రూలులో ఉన్నది. ఆ తండా అవ్వల చేతుల నిండ చుక్కలే, ఉండాల్సిన రూలే అది. మావోడు అడిగిండు, "మామా, మరి జాతరల అమ్మమ్మ వేయించుకున్నది ఆచారం కాదా?" వాని భుజం మీదున్నది అమ్మమ్మ తేలు కాదు, హీరో పేరు అని తిట్టిన. తిట్టినంక మాత్రం ఆ మాట పోతలేదు. ఎన్ని తరాలు పొడిపించుకుంటే ఆచారమైతది? నేను చొక్కా కింద దాచిన తరం లెక్కకొస్తదా?

ఆదివారం అమ్మకు వీడియో ఫోన్ చేసి నా బిడ్డ మీద ఫిర్యాదు పెట్టిన. నా దిక్కు మాట్లాడుతదనే నమ్మకం.

"ఏం పోతదిరా? బంగారం పోయేటప్పుడు ఊడదీసుకుంటరు. పచ్చబొట్టొక్కటే ఎంబడొచ్చేది" అన్నది. ఆ మాట నాకు చిన్నప్పటి నుంచి తెలిసిందే. దాని తర్వాత అడిగింది మాత్రం కొత్తది. "పోరగాంది చెరపనీకి పైసలు పంపినవంట. ఈ పిల్లది వేసుకుంటనంటే ఏడుస్తున్నవు. నీకేం గావాల్నో జెర చెప్పరాదు?"

నెట్‌వర్క్ సరిగ్గ లేదన్న.

నాయినమ్మా మనుమరాలూ అప్పటికే అన్నీ మాట్లాడుకున్నరు. కొలత కోసం మా అక్క ఒక ఫోటో పంపింది. అమ్మ గాజులు పైకి జరిపి, చెయ్యి మంచం పట్టె మీద పెట్టి, పక్కన ప్లాస్టిక్ స్కేలు. ముడతల సందుల్లో పసుపు. తేలు కొండి పక్కనున్న నరంలో కలిసిపోయి, ఏది గీతో ఏది నరమో తెలుస్తలేదు. దీపం మసి, ఆకుపసరు, మూడు సూదులు కట్టి పొడిచిన తేలు అది, మిషను కాదు. అరవై ఏండ్లలో అమ్మ చర్మంతో పాటే సాగింది. నా బిడ్డ ఫోనులో ఫోటో పెద్దగ చేసి స్కేలు గీతలు లెక్కబెట్టింది.

"ఇంచు కంటే రెండు గీతలు ఎక్కువున్నది. నాయినమ్మది రూలుకు రాదు డాడీ. చిన్నగ చేయించుకోవాలె." కొంచెంసేపు ఊకుండి, "నాది కూడా సాగితే?" అన్నది.

పిల్లలతోటి వాదన పెట్టుకునే ముందు రూలు చదువుకోండి అని నాలుగు ముక్కలు చెప్దామని ఇది మొదలుపెట్టిన. నేను చదివినా ఏం కాలేదు. ఆమె చిన్న తేలును కాగితం మీద గీసి ఫ్రిజ్‌కు అంటించింది, సరిగ్గ ఇంచు. శనివారానికి అపాయింట్‌మెంట్. నన్ను అడిగింది ఒప్పుకోమని కాదు, కారు నడపమని. కుడి చెయ్యి నొస్తదట.

సోమవారం నేను సగం చేతుల చొక్కా వేసుకున్న. మా ఆవిడ చూసి ఏమీ అనలేదు, నవ్వింది కూడా లేదు. పార్కింగ్‌లో కారు దిగిన. నాలుగడుగులు వేసి మళ్ల వెనక్కి వచ్చి, వెనక సీటు మీదున్న జాకెట్ తీసుకున్న. మా ఆఫీసులో ఏసీ బాగ ఎక్కువ.