దుబ్బ నేలలో బతుకమ్మ పూలు

పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికల్లా ఇంకి, మట్టి మళ్లీ పొడిపొడిగా అయిందంటే మీది దుబ్బ నేల. గుప్పెడు మట్టి తడిపి పిసికి చూడండి. ఉండ కట్టకుండా రాలిపోతే దుబ్బ, ఉండ కట్టినా తాడులా పేనబోతే తెగిపోతే చల్క. రెండింటిలోనూ పూలు బ్రహ్మాండంగా పూస్తాయి. వీటి లోపమల్లా నీళ్లనూ ఎరువునూ పట్టి ఉంచలేకపోవడమే. పట్టి ఉంచేది బంకమన్ను, పశువుల పెంట. వరంగల్ చుట్టుపక్కల బంకమన్నుకు కరువు లేదు, చెరువులున్నాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసినప్పుడు రైతులు ట్రాక్టర్లతో చేలకు తోలుకున్నది ఈ ఒండ్రుమట్టినే.

పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు మడితో మొదలుపెట్టండి, మొదటి ఏడాదికి అంత చాలు. ఎండాకాలంలో తెచ్చిన చెరువు మట్టిని ఆరబెట్టి, గడ్డలు చితక్కొట్టి, మడి మీద రెండంగుళాల మందాన పరచండి. 15 లీటర్ల బకెట్‌తో పన్నెండు, పదమూడు పడతాయి. దాని మీద బాగా మాగిన పెంట ఎరువు ఆరు బకెట్లు, వేప పిండి అరకిలో. ఇప్పుడు జానెడు లోతు తవ్వి అంతా కలపాలి. అసలు కష్టం ఇక్కడే, తప్పులు జరిగేదీ ఇక్కడే. కలపకుండా పైన వదిలేస్తే ఒండ్రు పొర ఎండి పగుళ్లిస్తుంది, కింద ఇసుక ఇసుకగానే ఉంటుంది. పచ్చి పేడ వేస్తే వేడికి లేత వేర్లు మాడతాయి, వేరుపురుగూ చేరుతుంది. ఇంకో మాట: మడిని ఎత్తుగా కట్టకండి. ఎత్తు మడి నల్లరేగడికి మంచిది. ఇసుకలో ఇంకా తొందరగా ఎండుతుంది. నేలకు సమంగా ఉంచి చుట్టూ చిన్న గట్టు వేస్తే చాలు.

బంతి విత్తనం ఆరుద్ర కార్తెలో, అంటే జూన్ నాలుగో వారంలో, నారు పోయండి. 25 రోజులకు తీసి అడుగున్నర ఎడంలో సాయంత్రం పూట నాటండి. నాటిన మూడు వారాలకు తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, బతుకమ్మ నాటికి పూత అందుతుంది. ఆగస్టు చివర్లో తుంచితే మాత్రం పండుగ దాటాకే పూస్తుంది.

గునుగు, పట్టుకుచ్చు విత్తనాలు ఆవగింజ కన్నా చిన్నవి. చల్క మీద వాన పడి ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది, అంత చిన్న మొలక దాన్ని చీల్చలేదు. అందుకే వాటిని మట్టితో కప్పకుండా జల్లించిన పెంట ఎరువు పలుచగా చల్లండి. తంగేడు గింజ పెంకు గట్టిది, వేడి నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి కంచె పక్కన పెట్టండి. దానికి ఎరువు అవసరం లేదు. మొదటి ఏడాదే తాంబాలం నిండా పూలు ఆశించకండి.

వాన లేని రోజుల్లో నీళ్లు కొంచెం కొంచెంగా పోయాలి. ఒకేసారి గుమ్మరిస్తే పోషకాలు వేర్ల కిందికి జారిపోతాయి. యూరియా కూడా అలాగే కొట్టుకుపోతుంది. ఎక్కువైతే బంతి ఏపుగా ఆకే వేస్తుంది, పూలు తగ్గుతాయి. దాని బదులు వంద గ్రాముల పల్లి చెక్క రెండు లీటర్ల నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, పదింతల నీళ్లు కలిపి పదిహేను రోజులకోసారి మొదళ్లలో పోయండి. వరిగడ్డి రెండంగుళాలు పరచండి, కాండానికి తగలకుండా. తగిలితే చెదలు మొదలు దాకా వస్తాయి.

మంచి తడి ఉన్నా పట్టుకుచ్చు మధ్యాహ్నం వాడిపోతుంటే ఒక మొక్క పీకి చూడండి. వేర్ల మీద బుడిపెలుంటే నులిపురుగు, ఇసుక నేలల్లో ఇది ఎక్కువ. ఆ మొక్కలను వేర్లతో సహా తీసి కాల్చేయండి, వచ్చే ఏడు అదే చోట బంతి వేయండి. పట్టుకుచ్చును మడికి రెండో చివరకు మార్చండి.