‘బండి నంబరు చెప్పు’: చెయ్యి విరిగాక ఆదివారం రేసు దాకా

శనివారం పొద్దున బైక్ రేసు క్వాలిఫైయింగులో (రేసుకి ముందు స్టార్టింగ్ వరస తేల్చే సెషన్) ఎవరి బండో కార్చిన ఆయిల్ మీద ముందు టైరు జారింది. ఎడమ చెయ్యి హ్యాండిల్‌కీ తారుకీ మధ్య నలిగి, చిటికెన వేలి కింద అరచేతిలో ఉండే ఎముక చిట్లింది. ఆదివారం రేసులో దిగాను, పూర్తి చేశాను. నొప్పి కంటే కాగితాలే ఎక్కువ ఏడిపించాయి. కావలి, నెల్లూరు, ఒంగోలు నుంచి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి బండ్లు వేసుకుపోయే తమ్ముళ్ళ కోసం వేడి మీదుండగానే రాస్తున్నా.

ట్రాక్ అంబులెన్సు వెంటనే వచ్చింది. గ్లవ్ కత్తిరిస్తామన్నారు, వద్దన్నా. మణికట్టు పట్టీ పూర్తిగా విప్పి, ఒక్కో వేలి కొసా కొంచెం కొంచెం వదులు చేస్తే దానంతటదే వస్తుంది. ఉంగరం ఉంటే వాపు రాకముందే తీసెయ్యాలి. ట్రాక్ డాక్టరు ముందు తల సంగతి చూశాడు. తలకి దెబ్బ తగిలి కళ్ళు తిరిగినా, ఏం జరిగిందో గుర్తు లేకపోయినా ఆ వారానికి రేసు మాట ఎత్తకూడదు. తర్వాత పిడికిలి పట్టమన్నాడు. వేళ్ళు ఒకదాని మీదికి ఒకటి ఎక్కితే విరిగిన ముక్క తిరిగిందని లెక్క, అది ఆపరేషన్ కేసు. నాకు ఎక్కలేదు. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన ఉండే గుంటలో గట్టిగా నొక్కాడు. అక్కడ నొప్పుంటే స్కాఫాయిడ్ అనే మణికట్టు చిన్నెముక విరిగిందని అనుమానం. మొదటి ఎక్స్‌రేలో అది దొరక్కపోవచ్చు. దాంతో బండెక్కితే ఎముక అతుక్కోకుండా పోవచ్చు. నాకు అక్కడ నొప్పి లేదు.

“ఎక్స్‌రే తీయించుకుని రేపు పొద్దున రా. అప్పటిదాకా అన్‌ఫిట్” అన్నాడు. అన్‌ఫిట్ అని ఒకసారి రాస్తే చీఫ్ మెడికల్ ఆఫీసర్ మళ్ళీ చూసి సరేననేదాకా ఎవరు చెప్పినా ట్రాక్ మీదికి పోనివ్వరు. శనివారం రేసు అట్టా పోయింది.

ఇక ఆసుపత్రి. పేరు చెప్పను. హైవే మీదుంది, పెద్దది. తోలు సూటు నడుము దాకా దించుకుని, ఐసు సంచి పట్టుకుని క్యాజువాలిటీ కౌంటర్ ముందు నిలబడ్డా.

“యాక్సిడెంటా?”

“కాదు సార్, రేసులో పడ్డా.”

“బండి మీద నుంచేగా పడింది? యాక్సిడెంటే. బండి నంబరు చెప్పు.”

మాటలన్నీ తమిళంలో, నాకొచ్చినది సగం. రేసు బండికి రిజిస్ట్రేషన్ నంబరు ఏముంటుంది? హెడ్‌లైటు, అద్దాలు, నంబరు ప్లేటు పీకేసిన బండి. లేదని చెప్పేసరికి ఆయన మొహం మారిపోయింది. నంబరు లేని బండి రోడ్డెక్కించావా అని మొదలుపెట్టాడు. రోడ్డు కాదు సామీ, ట్రాక్ అంటే వినడే! కంప్యూటర్లో ఆ గడి నింపకపోతే ముందుకి పోదంట. చివరికి నా సూటు మీదున్న రేసు నంబరు చూసి అదే కొట్టాడు. ఎక్కడ జరిగింది అనే గడిలో చెన్నై బెంగళూరు హైవే అని రాశాడు. తాగున్నాడా అనే గడి కోసం నర్సు వచ్చి ఊదమంది. హాలు నిండా జనం చూస్తున్నారు. పక్కన కూర్చున్న పెద్దాయన ‘కన్నవాళ్ళని ఏడిపించడానికే పుడతారు’ అని నాకు వినపడేట్టే అన్నాడు.

ప్రమాదం కేసుని ఎం.ఎల్.సి.గా (మెడికో లీగల్ కేసు) రాసి పోలీసులకి కబురు పెట్టడం ఆసుపత్రుల పద్ధతి. దాని మీద నాకు కోపం లేదు. రోడ్డు ప్రమాదం అని రాయడమే కొంప ముంచింది. రిజిస్ట్రేషన్ లేని బండిని హైవే మీద తోలినట్టు ఆ కాగితమే చెబుతోంది.

అక్కడి నుంచి బీమా కౌంటర్‌కి పోతే ఆ అమ్మాయి సూటు చూసి “రేసా? అయితే రాదు” అంది. ఒకే హాల్లో ఒక కౌంటర్‌కి నేను రేసరు కాదు, ఇంకో కౌంటర్‌కి రేసరు తప్ప ఇంకేమీ కాదు. మన ఆరోగ్య బీమా పాలసీల్లో మోటార్ రేసింగ్ మినహాయింపు మామూలుగా ఉంటుంది, నిజమే. అయితే ఆ షరతులో ‘ప్రొఫెషనల్‌గా’ పాల్గొంటే అనే మాట ఉంటుంది. నాది రొయ్యల మేత షాపు. అది చెప్పి, క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాసివ్వమన్నా. రాసివ్వలేదు, పైవాళ్ళని అడగాలంది. డబ్బులు కట్టేశా.

అందుకే పడ్డాక ఆసుపత్రికి బయల్దేరేముందు రేస్ ఆఫీసులో ఒక లెటర్ రాయించుకోండి. మూసిన ట్రాక్ మీద, పోటీలో, ఫలానా సెషన్లో పడ్డాడు అని ముద్రతో ఉండాలి. రేసింగ్ లైసెన్సు జెరాక్సు దానికి జతచెయ్యండి. మా మెకానిక్ భాయ్ ఆ లెటర్ తెచ్చేసరికి కంప్యూటర్లో అన్నీ ఎక్కిపోయాయి.

ఎక్స్‌రేలో ఎముక పక్కకి జరగలేదు. నిటారుగా ఒకటి, ఏటవాలుగా ఒకటి తీయించి ఫిల్ములు చేతికి తెచ్చుకోండి, రిపోర్టు ఒక్కటే చాలదు. డ్యూటీ డాక్టరు ప్లాస్టర్ స్లాబ్, మూడు వారాల విశ్రాంతి రాశాడు. ఆయన మాట తప్పని అనను. స్లాబ్‌తో గ్లవ్ ఎక్కదు కాబట్టి తీసి పెట్టుకునే స్ప్లింటు అడిగా. ట్రమడాల్ కలిసిన మాత్ర కూడా రాశాడు. అది మింగకండి. డోపింగ్ నిబంధనల ప్రకారం 2024 జనవరి 1 నుంచి ట్రమడాల్ పోటీలో నిషేధం. వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇంజెక్షన్లన్నీ పోటీలో 2022 నుంచే నిషేధం. పారాసెటమాల్, అన్నం తిన్నాక డైక్లోఫెనాక్ సరిపోయాయి. మొద్దుబార్చే సూది పనికిరాదు, లివర్ ఎక్కడుందో చేతికి తెలియదు.

రాత్రి ఇంటి నుంచి ఫోను: పుత్తూరు కట్టు వేయించుకో నాయనా, అని. ఆ కట్టుతో పిడికిలి మూయలేం కదమ్మా అని ఊరుకోబెట్టా.

పట్టీ ఇట్టా వేశాం: చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ మధ్య దూది పెట్టి, కీళ్ళు వదిలి రెండు చోట్ల టేపు. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎర్రదనం తిరిగి రావాలి, లేకుంటే బిగుతు ఎక్కువైనట్టే. ఎడమ చేతికి ఒక సైజు పెద్ద గ్లవ్ అడిగి తెచ్చుకున్నా. చెయ్యి రాత్రంతా తలగడ మీద, గుండె కంటే ఎత్తులో పెట్టుకున్నా.

బండి పని భాయ్‌ది. వంగిన క్లచ్ లివర్ మార్చి, బ్రాకెట్‌ని హ్యాండిల్ లోపలి వైపుకి జరిపాడు. అప్పుడు చూపుడు వేలు, మధ్య వేలు లివర్ కొసన పడతాయి, తక్కువ బలం చాలు. దెబ్బ తగిలిన వేళ్ళు గ్రిప్పు మీదే ఉంటాయి. కేబుల్‌కి నూనె ఎక్కించి 2–3 మిల్లీమీటర్ల ఫ్రీ ప్లే (క్లచ్ పట్టేముందు లివర్ ఊరికే కదిలే ఖాళీ) పెట్టాడు. ట్యాంకుకి రెండు వైపులా గ్రిప్ ప్యాడ్లు అంటించాం. బ్రేకు కొట్టినప్పుడు ఒంటి బరువు మోకాళ్ళు ఆపాలి, చేతుల మీదికి రాకూడదు. గేరు పెంచేటప్పుడు క్లచ్ ముట్టుకోలేదు. పెడల్‌కి ముందే ఒత్తిడి పెట్టి థ్రాటిల్ ఒక్క క్షణం మూస్తే గేరు పడిపోతుంది. క్లచ్ స్టార్టింగ్‌కీ, గేర్లు దించడానికీ మాత్రమే. ఎడమ చెయ్యి కాబట్టి ఇదంతా కుదిరింది. కుడి చెయ్యి అయితే బ్రేకు, థ్రాటిల్ రెండూ అక్కడే, నేనే దిగేవాణ్ణి కాదు.

ఆదివారం పొద్దున హెల్మెట్, బండి మళ్ళీ స్క్రూటినీకి, అంటే రేసు అధికారుల తనిఖీకి. దాంట్లో ఏమీ లేదు.

మెడికల్ ఆఫీసర్ ఆ ఆసుపత్రి చీటీ చదివి “హైవే మీద పడ్డావా?” అని నవ్వాడు. ఫిల్ము వెలుతురుకి పెట్టి తనే చూసుకున్నాడు. తన రెండు వేళ్ళు నా చేతికిచ్చి పిసకమన్నాడు. పుషప్‌లు తీయించాడు, అవే ప్రాణం తీశాయి. తర్వాత బండెక్కించి క్లచ్ వరసగా లాగించి, మొహం చూస్తూ నిలబడ్డాడు. బండి కింద పడితే నీ అంతట నువ్వు లేచి పక్కకి పోగలవా అన్నదే ఆయన చూసేది. సంతకం పెట్టాడు.

ప్యాడక్‌లో (ట్రాక్ పక్కన టీములు దిగే చోటు) కుర్రాళ్ళు 2013 మోటోజీపీ రేసు, నెదర్లాండ్స్‌లోని ఆసెన్ కథ చెబుతారు. రేసరు లోరెంజో గురువారం కాలర్ ఎముక విరగ్గొట్టుకుని, బార్సిలోనాలో ప్లేటు వేయించుకుని శనివారం రేసులో ఐదో స్థానం. తర్వాత జర్మనీలో మళ్ళీ పడి ఆ ప్లేటు వంచుకున్న సంగతి ఎవడూ చెప్పడు. 2020లో ఇంకో మోటోజీపీ రేసరు మార్కెజ్ చెయ్యి విరిగిన వారంలోపే బండెక్కాడు. తర్వాత ప్లేటు దెబ్బతిని సీజన్ మొత్తం పోయింది. ఆయన కూడా డాక్టర్ల సంతకంతోనే ఎక్కాడు.

రేసులో తొమ్మిదో స్థానం. రెండు చేతులూ బాగున్నవాళ్ళు చాలామంది నా వెనకే ఉన్నారు, రాయకుండా ఉండలేను.

సోమవారం నెల్లూరులో ఎముకల డాక్టరు మళ్ళీ ఎక్స్‌రే తీసి, జరగలేదని స్లాబ్ వేశాడు, వారం తర్వాత ఇంకోటి తీయాలన్నాడు. చీటీలో రోడ్డు ప్రమాదం అన్న మాట మార్పించడానికి ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్ విభాగానికి అర్జీ పెట్టా. రేస్ ఆఫీసు లెటర్, లైసెన్సు జెరాక్సు, ఆధార్ జతచేశా. బండి నంబరు గడిలో ఉన్నది నా రేసు నంబరని కూడా రాశా. అర్జీ అందినట్టు ముద్ర వేసిన కాపీ తీసుకోకుండా కౌంటర్ దగ్గర నుంచి కదలకండి.